ఐదు గడుల కాగితం

ఫారానికి ముప్పై ఐదు రూపాయలు.
ఎండకి వేరే లెక్క లేదు.
బ్రాడీపేట నాలుగో లైన్లో మొదలెట్టి
సంగడిగుంట దాకా
రోజుకు పన్నెండు గుమ్మాలు.

ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, ముక్క మార్చకూడదు:
"జన్యువు మార్చిన వరి బియ్యం బజార్లోకొస్తే
మీరు కొంటారా?"
అస్సలు కొనను దగ్గర్నుంచి
తప్పకుండా కొంటాను దాకా
ఐదు గడులు. ఒక్కదాంట్లోనే టిక్కు.

"జంధ్యం మార్చిన బియ్యమా?"
అన్నాడు మొదటింటి ముసలాయన, చెవి దగ్గర చెయ్యిపెట్టి.
నవ్వు ఆపుకోడానికి
ఫారంలో నా పేరు నేనే రెండుసార్లు చదువుకున్నాను.

రెండో లైన్లో ఝాన్సీరాణి గారు
మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు.
"షుగరమ్మా నాకు. అసలు అన్నమే మానమన్నాడు డాక్టరు.
రాత్రి పుల్కా నముల్తూ
పక్కింటి కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంటా."
దీనికి గడి లేదు.

పట్నంబజారులో వీరరాఘవులు గారి కొట్టు.
కాటా మీంచి చెయ్యి తియ్యకుండానే చెప్పాడు:
"గింజ పుట్టుక ఎవడడుగుతాడు?
పాతవా కొత్తవా, పొడిపొడిగా వస్తాయా ముద్దవుతాయా,
అంతే.
నిరుడు సంచి మీద ఆవు బొమ్మ తీసి
నెమలి బొమ్మ కొట్టించా.
నెల్రోజులు ఒక్కడు ముట్టుకుంటే ఒట్టు.
లోపల అవే బియ్యం."

అరండల్‌పేటలో బజ్జీల బండి పక్కన
కాలేజీ కుర్రాడొకడు ప్రశ్న పూర్తికాకముందే
"అస్సలు కొనను" అన్నాడు.
మన నేల, మన విత్తనం, మన తాతలు...
బాగా మాట్లాడాడు.
మస్తాన్‌బీ మూకుడులో రెండో వాయి వేసింది.
బండి కింద పత్తిగింజల నూనె డబ్బా.
నేనూ ఒక బజ్జీ తిన్నాను. వేడిగా ఉంది, బాగుంది.

ఆ పత్తి సంగతి
లక్ష్మీపురం అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చినపుల్లయ్యకి తెలుసు.
ప్రత్తిపాడు దగ్గర మూడెకరాలు కౌలుకి చేసినోడు.
"అబద్ధమెందుకు, మొదట్లో పురుగు చచ్చింది.
తర్వాత తర్వాత
అది మాకంటే ముందే చదువు నేర్చింది.
విత్తనాన్ని నేనేమీ అనను తల్లీ.
అది అప్పిచ్చినోడి కొట్లోనే దొరికేది, అదీ నా బాధ."
ఏ గడిలో పెట్టమంటావు బాబాయ్?
"నడిమిదాంట్లో పెట్టు. దానికైతే ఎవరికీ కోపం రాదు."

చివరి గుమ్మం పరిశుద్ధమ్మది.
పాచిపనికి నాలుగిళ్ళు తిరిగొచ్చి
అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉంది.
"కిలో ఎంత?"
ఫారంలో ధర లేదన్నాను.
"ధర చెప్పకుండా కొంటావా అంటే
నేనేం చెప్పేది? సరే, నువ్వు తింటావా?"
మా అభిప్రాయం చెప్పకూడదమ్మా, రూలు.
"అభిప్రాయమెవరిక్కావాలి?
తింటావా, తినవా?"

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
చేటలో రేషన్ బియ్యం పోసుకుని
సెల్‌ఫోన్ లైటు గూట్లో ఆనించాను.
మధ్యమధ్య ఆ గింజలు,
మరీ తెల్లగా, మరీ నున్నగా, కాస్త తేలిగ్గా.
ప్లాస్టిక్ బియ్యమంటారు మా వీధిలో.
కాదు. బియ్యప్పిండిలో ఐరన్ కలిపి
గింజలా ఒత్తినవి.
నాకు తెలుసు. నలుగురికి చెప్పాను కూడా.
అమ్మకి రక్తం ఎనిమిదే ఉందని
డాక్టరు ఎర్రసిరాతో రాసిన చీటీ
క్యాలెండరు మేకుకే వేలాడుతోంది.

అయినా నా వేళ్ళు ఏరుతూనే ఉన్నాయి.
ఒకటి, మూడు, ఏడు.
అమ్మ చూస్తోంది. ఏరమనలేదు,
మానమనీ అనలేదు.

పదకొండు గింజలు.
ఎసట్లో వెయ్యలేక, పారెయ్యా లేక
కొట్టివేతలతో పాడైన ఫారం ఒకటి చింపి
పొట్లం కట్టి
ఉప్పుడబ్బా పక్కన పెట్టాను.

అన్నం పొంగొచ్చింది.
మూత తియ్యడానికి లేచాను.